ఆర్చి తర్వాత కట్టుకుందం, ముందు పాత దవాఖాన సంగతి చూద్దం

ఇక్కడ అమెరికాల మన నల్లగొండోళ్ల అసోసియేషన్‌ల ఊరికి ఏం చేద్దం అన్న ముచ్చట వచ్చినప్పుడల్లా ఎక్కువమంది ఆర్చి అంటరు, లేకుంటే గుడికి గోపురం అంటరు. నేనైతే నల్లగొండ జిల్లాల మా దేవరకొండ దిక్కు ఊర్లున్న పాత సర్కారు దవాఖాన గురించి అడుగుతున్న. కొత్తది రోడ్డు మీద కట్టినంక దాన్ని వదిలేసిండ్రు, ఇప్పుడు కూలగొట్టి షాపులు కడతరంట, నా పానం ఒప్పుకుంటలేదు.

1946లనే, జనం ఆరోగ్యం సంగతి చూడమని సర్కారు వేసిన భోర్ కమిటీ ఊర్లల్ల ప్రైమరీ హెల్త్ సెంటర్లు పెట్టాలని రాసింది, 1952ల కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం తోటి అవి మొదలైనయి, మా దవాఖాన గూడ ఆ కాలం బాపతే. డంగుసున్నం గోడలు, కింద షాబాద్ బండలు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గూడ లోపల చల్లగుండేది. మందుకు సీసా ఇంటికాడికెళ్లి మనమే తీస్కపోవాలె. కాంపౌండర్ కిటికీలకెళ్లి తీస్కొని ఎర్రమందు పోసి, కాయితం ముక్కకు కత్తెరతోటి గంట్లు పెట్టి సీసా పక్కకు అంటిచ్చేటోడు, ఒక్కో గంటు దాక ఒక్కో పూట తాగాలె. సదువు రాని ముసలవ్వ గూడ డోసు తప్పేది కాదు.

ఆ వరండల కూసున్నోళ్ల రోగాలు చూస్తే మన జిల్లా చరిత్ర అంత తెలుస్తది. దిగుడుబాయిల నీళ్లతోటి, ఒంట్లకెళ్లి దారం లెక్క పురుగు బయటికొచ్చే నారికురుపు వచ్చేది, అది దేశంల పూర్తిగ పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2000ల సర్టిఫై చేసింది. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్ సంగతైతే మీకు చెప్పేదేముంది, మర్రిగూడ, మునుగోడు దిక్కు నడుములు వంగినోళ్లను చూసుకుంటనే పెరిగినం, నల్లగొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల పేపర్ 1955లనే వచ్చింది.

ఇంకోటి, రిజిస్టర్లు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969ల వచ్చింది గని ఊర్లల్ల ఇంట్ల పుట్టినోళ్లను రాసినోళ్లు తక్కువ, అందుకే ఇక్కడ గ్రీన్‌కార్డ్ టైంకు మనల ఎంతోమంది బర్త్ సర్టిఫికెట్ లేక, రికార్డు దొరకలేదని రాసిచ్చే నాన్ అవైలబిలిటీ కాయితం, అమ్మానాయినల అఫిడవిట్లు అని తిరిగిండ్రు. దవాఖానల కాన్పైనోళ్ల పేర్లు ఆ పాత కాన్పుల రిజిస్టర్లల్ల ఉంటయి. బిల్డింగ్ కూలగొట్టే రోజు ఆ అల్మారీలు ఏ తుక్కు బండిల పోతయో ఎవలన్న చూస్తరా?

కురుస్తున్నది, కూలుతది, ఎందుకు అంటరు కొందరు. కరెక్టే, భయం ఉంటది, ముందు ఒక మంచి ఇంజనీర్‌తోటి చూపియ్యాలె. సున్నం గోడకు సిమెంట్ పూస్తే తేమ లోపల్నే ఆగి గోడ ఇంకింత పాడైతది, సున్నంతోటే రిపేర్ చెయ్యాలె, అది తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ దొరుకుతరు. ఉస్మానియా దవాఖాన పాత బిల్డింగ్ గురించి హైదరాబాద్‌ల కోర్టుల దాక పోయి కొట్లాడిండ్రు, 2017ల తెలంగాణకు పాత కట్టడాలను కాపాడే హెరిటేజ్ చట్టం గూడ వచ్చింది, మరి మన చిన్న ఊర్ల దవాఖానకు అడిగేటోడెవడు, మనమే అడగాలె.

కమిటీని నేను కోరేది ఒక్కటే, ఈ ఏడు ఆర్చికి అనుకున్న పైసలల్లకెళ్లి ముందు ఇంజనీర్ ఫీజు ఇద్దం, రిజిస్టర్లను స్కాన్ చేసుకోనియ్యమని జిల్లా వైద్యాధికారికి అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాద్దం. సంక్రాంతికి ఊరికి పోయేటోళ్లు ఆ ఉత్తరం చేతిల పట్టుకొని పోయి ఇచ్చి రావాలె, ఈమెయిల్ పంపిస్తే ఎవలు చూడరు.