తొడ నొప్పికి వెన్ను నొక్కుతావేంది?

కొండపి దగ్గర ఒక పొగాకు రైతు ఇల్లు. పెదనాన్నకు రెండు నెలలుగా కుడి తొడ నొప్పి. ఫిజియోథెరపీ చదివిన తమ్ముడి కూతురు పండక్కి వచ్చింది. అన్నీ పరీక్షించి, చివరికి ఆయన్ని బోర్లా పడుకోబెట్టి వెన్నుపూసలు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కుతుంటే గొడవ మొదలైంది. నేను అమ్మాయి పక్షమే, కానీ పెదనాన్న అడిగినదీ కొట్టిపారేసేది కాదు.

పెదనాన్న: నొప్పి తొడలో అంటే నడుం నొక్కుతావేందమ్మా? ఇల్లు ఒకచోట కారితే ఇంకోచోట పెంకు మారుస్తారా?

అమ్మాయి: మారుస్తారు పెదనాన్నా. నీళ్లు పైన సందులో దిగి, వాసం వెంట జారి, ఎక్కడో మంచం మీద పడతాయి. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించు.

(ఆయన పిరుదు నుంచి తొడ దాకా అరచేత్తో రాశాడు.)

అమ్మాయి: చూశావా, వేలికి దొరకలేదు.

పెదనాన్న: తుంటి అరిగిందని ఇంజెక్షన్ చేసినాయన చెప్పాడు.

అమ్మాయి: తుంటిదైతే మోకాలు మడిచి కాలు తిప్పినప్పుడు గజ్జల్లో పట్టాలి. ఇందాక తిప్పితే కిమ్మనలేదు. వంగి కింది ఆకు కోస్తేనే నొప్పి లేస్తుందని నువ్వే చెప్పావు.

పెదనాన్న: అయితే నరం నొక్కుకుపోయింది. ఒంగోలు పోయి స్కానింగ్ తీయిద్దాం.

అమ్మాయి: నరమైతే మామూలుగా కరెంటు షాక్‌లా మోకాలు దాటి పాదం దాకా దూకుతుంది. కాలు చాపి ఎత్తితే 70 డిగ్రీల లోపే అరిచేవాడివి. నీకు తేలిగ్గా లేచింది. బొటనవేలికి బలముంది, తిమ్మిరి లేదు, మడమ వెనక సుత్తితో కొడితే పాదం కదిలింది.

పెదనాన్న: నరం బాగుంటే తొడకు నొప్పి ఎట్టా పోయింది, బస్సెక్కా?

అమ్మాయి: నడుం కీళ్ల కబురూ తొడ కబురూ వెన్నుపాములో ఒకే కణాల దగ్గర కలుస్తాయి. ఏది ఎక్కడిదో మెదడు పోల్చుకోలేదు. 1930ల చివర్లో లండన్‌లో కెల్‌గ్రెన్ అనే డాక్టరు మనుషుల వెన్ను లిగమెంట్లలోకి, అంటే పూసల్ని కట్టి ఉంచే పట్టీల్లోకి, ఉప్పునీళ్లు ఎక్కించి చూశాడు. సూది వీపులో, నొప్పి కాల్లో.

పెదనాన్న: దొరలకు వేరే పనిలేదు! మరి నువ్వు నొక్కి చెప్పింది తప్పైతే? స్కానింగ్ అబద్ధమాడదు గదా.

అమ్మాయి: ఏ పూసదో నొక్కి ఖాయంగా చెప్పలేను, నిజమే. అది స్కానింగ్ కూడా చెప్పలేదు. నొప్పే లేని 50 ఏళ్లవాళ్లలో నూటికి 60 మందికి పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి కనిపిస్తుంది. నీకూ కనిపిస్తే భయపడి పొలం మానేస్తావు. అది సరే, మూత్రం బాగా వస్తోందా? కూర్చునే చోట మొద్దుబారిందా?

పెదనాన్న: ఆడపిల్లవి, ఇట్టాంటివి అడుగుతావా!

(వంటింట్లోంచి పెద్దమ్మ: "అన్నీ బాగానే ఉన్నాయిలే!")

అమ్మాయి: అవి తేడాగా ఉంటే వాదించకుండా ఇప్పుడే ఒంగోలు బండెక్కిస్తా. జ్వరం, బరువు తగ్గడం ఉన్నా స్కానింగ్ నేనే తీయించమంటా. లే, చేతులు నడుం మీద పెట్టి పదిసార్లు వెనక్కి వంగు.

(ఎనిమిదోసారికి ఆగాడు.)

పెదనాన్న: తొడలో తగ్గింది. నడుంలో పట్టుకుంది.

అమ్మాయి: నాకు కావాల్సింది అదే. కాల్లోంచి నడుంకు ఎగబాకితే మంచి గుర్తు.

పెదనాన్న: లేని నడుం నొప్పి తెప్పించి మంచి గుర్తంటావా? ఇంతకీ మిగతా రెండూ వంగాలా, చాలా?