కోటా రామస్వామి రెండు ఆటలు ఎలా ఆడగలిగారు?

క్విజ్ పోటీల్లో కోటా రామస్వామి పేరు రెండు ప్రశ్నలకు జవాబుగా వస్తుంది. డేవిస్ కప్ టెన్నిస్‌లోనూ టెస్ట్ క్రికెట్‌లోనూ భారత్ తరఫున ఆడింది ఎవరు? ఇంట్లోంచి వెళ్లి మళ్లీ తిరిగిరాని టెస్ట్ క్రికెటర్ ఎవరు? 1985 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో మద్రాసులోని ఇంటి నుంచి బయటకు వెళ్లిన ఆయన ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. ఆ మిస్టరీ మీద ఉన్నంత ఆసక్తి మనకు ఆయన ఆటల మీద లేదు. నన్ను మాత్రం మొదటి ప్రశ్నే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ప్రతిభ ఒక్కటే ఉంటే రెండు ఆటల్లో దేశానికి ఆడడం కుదిరే పనేనా?

రామస్వామి 1896లో మద్రాసులోని ఓ సంపన్న తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. అమ్మమ్మగారింటికి దత్తత వెళ్లడంతో ఇంటిపేరు మారింది. ఆ రోజుల్లో మద్రాస్ క్రికెట్ క్లబ్ తెల్లవాళ్లది. చేపాక్‌లో ఆడడానికి వచ్చిన భారతీయులు చెట్ల కింద కూర్చుని భోంచేయాల్సిందే. ఆ అవమానం భరించలేక బుచ్చిబాబు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి, కుర్రాళ్లకు బ్యాట్లూ ప్యాడ్లూ సమకూర్చారు. ఇప్పటికీ ఆయన పేరు మీద టోర్నమెంట్ జరుగుతోంది. అంటే రామస్వామి పుట్టేనాటికే ఆ ఇంట్లో ఆటకు డబ్బుంది, తీరికుంది, సొంత క్లబ్బు కూడా ఉంది.

తర్వాత కేంబ్రిడ్జ్ చదువు. అక్కడ టెన్నిస్‌లో విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. 1922లో డేవిస్ కప్ డబుల్స్‌లో భారత్ తరఫున దిగారు. ఆ ఏడాది మన జట్టు రొమేనియాను ఓడించి, స్పెయిన్ చేతిలో ఓడింది. తిరిగొచ్చాక మద్రాసు వ్యవసాయ శాఖలో ఉద్యోగం, పక్కన క్రికెట్. భారత్ మొదటి టెస్ట్ ఆడిందే 1932లో, రంజీ ట్రోఫీ మొదలైంది 1934లో. అంతకుముందు మద్రాసులో పెద్ద మ్యాచ్ అంటే సంక్రాంతికి యూరోపియన్లతో ఆడే ప్రెసిడెన్సీ మ్యాచే. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఖాళీ. రెండో ఆటకు చోటిచ్చింది ఆ ఖాళీయే.

1936 ఇంగ్లండ్ పర్యటనలో టెస్ట్ పిలుపు వచ్చేసరికి ఆయనకు 40 నిండాయి. కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజ్‌కుమార్. పలుకుబడితో కెప్టెన్ అయ్యారని చరిత్ర ఆయన్ని క్షమించలేదు. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేసిన టూర్ కూడా అదే. అంత గొడవలోనూ ఎడమచేతి వాటం రామస్వామి మాంచెస్టర్‌లో 40, 60, ఓవల్‌లో 29, 41 నాటౌట్ కొట్టారు. సగటు 56.66! ఆ తర్వాత యుద్ధం వల్ల 1946 దాకా భారత్ టెస్ట్ ఆడనేలేదు. ఖాళీ క్యాలెండర్ రెండు ఆటలిచ్చింది, అదే క్యాలెండర్ టెస్ట్ కెరీర్‌ను రెండు మ్యాచ్‌లకే ఆపేసింది.

ఇదే టూర్‌లో ఎం.జె. గోపాలన్ కూడా ఉన్నారు. ఆయనదీ మద్రాసే. 1934లో కలకత్తాలో టెస్ట్ ఆడారు, 1935లో ధ్యాన్‌చంద్‌తో కలిసి హాకీ జట్టులో న్యూజిలాండ్ వెళ్లొచ్చారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ హాకీయా, ఇంగ్లండ్‌లో క్రికెట్టా అని తేల్చుకోవాల్సి వచ్చింది. క్రికెట్‌నే ఎంచుకున్నారు. హాకీ జట్టు స్వర్ణం తెచ్చింది. ఇంగ్లండ్‌లో మూడు టెస్టుల్లో ఒక్కదాంట్లోనూ గోపాలన్‌కు చోటు దక్కలేదు. రెండు ఆటల తేదీలు ఢీకొంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడైతే తేదీలు ఢీకొనని నెలంటూ లేదు. ఐపీఎల్, రంజీ, ఏడాది పొడవునా టెన్నిస్ టూర్, మధ్యలో ఫిట్‌నెస్ క్యాంపులు. కాబట్టి రామస్వామి లాంటివాళ్లు మళ్లీ ఎందుకు రావడం లేదని బెంగపడడం దండగ. నా అభ్యంతరం అంతర్జాతీయ స్థాయి గురించి కాదు, ఎనిమిదేళ్ల పిల్లల గురించి. ఫీజు కట్టాం కాబట్టి రోజూ నెట్స్‌కే వెళ్లాలి, వేరే ఆట జోలికి పోతే టైమ్ వేస్ట్ అనే టెన్షన్ ఆ వయసులో ఎందుకు?

పుల్లెల గోపీచంద్ చిన్నప్పుడు క్రికెట్ ఆడి, తర్వాత బ్యాడ్మింటన్‌కు మళ్లారు. వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్లకే కృష్ణా నదిని ఈదారు, తర్వాత విల్లు పట్టి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. ఆట మార్చుకోవాలంటే ఇంట్లోవాళ్ల అండ కావాలి, ఊళ్లో మరో ఆట నేర్పేవాళ్లూ ఉండాలి. ఫీజులు కట్టగలిగే ఇళ్లలో ఆ అవకాశం ఎలాగోలా దొరుకుతుంది. మైదానమే లేని స్కూలు పిల్లలకు ఒక్క ఆటే గగనం. బుచ్చిబాబు కొడుక్కి, చెట్టు కింద భోంచేసిన కుర్రాడికి మధ్య ఉన్న ఆ తేడా నూట ముప్పై ఏళ్లలో పెద్దగా తగ్గలేదు.