చిన్న పరిశ్రమకు సర్కారు సొమ్ము: ముందు అప్పు, ఆ తర్వాతే రాయితీ

రాయదుర్గంలో నాలుగైదు మిషన్లతో జీన్స్ ప్యాంట్లు కుట్టించే వారైనా, అనంతపురం పల్లెల్లో వేరుశనగ గానుగ పెట్టాలనుకునే మహిళ అయినా, "ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా" అని అడిగేటప్పుడు వారి మనసులో ఉండేది తిరిగి కట్టనక్కరలేని సొమ్ము. ఆ అర్థంలో గ్రాంటు అనేది చిన్న వ్యాపారికి దాదాపుగా లేదు. పీఎం విశ్వకర్మ కింద చేతివృత్తుల వారికి ఇచ్చే 15 వేల రూపాయల పనిముట్ల సాయం వంటివి కొన్ని ఉన్నా, షెడ్డు వేసి యంత్రం కొనడానికి అవి చాలవు. అంతకు మించిన పథకాలు దాదాపు అన్నీ బ్యాంకు అప్పుతో ముడిపడినవే. రాయితీ ప్రభుత్వానిదే అయినా, అది ఎవరికి దక్కాలో ఆచరణలో తేల్చేది బ్యాంకు శాఖ. ఈ సంగతిని పథకాల ప్రకటనలు ఎంత చిన్న అక్షరాల్లో చెబుతాయో, దరఖాస్తుదారు అంత ఆలస్యంగా గ్రహిస్తాడు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే పీఎంఈజీపీనే, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్నే చూద్దాం. 2008లో మొదలైన ఈ పథకంలో తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయాన్ని అనుమతిస్తారు. అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో ఒక మహిళ 10 లక్షల వ్యయంతో గానుగ యూనిట్ పెడుతుందనుకుంటే, ఆమె సొంతంగా పెట్టవలసింది 5 శాతం, అంటే 50 వేలు. మిగిలిన తొమ్మిదిన్నర లక్షలను బ్యాంకు అప్పుగా మంజూరు చేస్తుంది. మార్జిన్ మనీ పేరుతో వచ్చే 35 శాతం రాయితీ, అంటే మూడున్నర లక్షలు, ఆమె చేతికి రాదు. అది అదే బ్యాంకులో ఆమె పేరిట మూడేళ్ల డిపాజిట్‌గా ఉండిపోతుంది. ఆ డిపాజిట్‌పై వడ్డీ రాదు, అప్పులో అంత మొత్తంపై వడ్డీ పడదు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితేనే దాన్ని అప్పుకు జమ చేస్తారు. మధ్యలో మూతపడితే రాయితీ వెనక్కి పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. అందువల్ల ఈ పథకం ఇచ్చేది పెట్టుబడి అనడం కన్నా, మూడేళ్లు నిలబడినవారికి భారం తగ్గించే ఏర్పాటు అనడమే సరైనది.

అదే మహిళ యూనిట్‌ను అనంతపురం నగరంలో పెడితే రాయితీ 25 శాతానికి తగ్గుతుంది. పంచాయతీ పరిధిలోని షెడ్డుకూ మున్సిపల్ హద్దు లోపలి షెడ్డుకూ మధ్య 10 లక్షల యూనిట్‌పై లక్ష రూపాయల తేడా ఉందన్నమాట. ప్రత్యేక కేటగిరీల్లోకి రాని పురుషుడికి నగరంలో 15 శాతం, పల్లెలో 25 శాతం రాయితీ వస్తుంది, సొంత వాటా 10 శాతం పెట్టుకోవాలి. మహిళలతో పాటు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలు, దివ్యాంగులు, మాజీ సైనికులు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. స్థలం ఖరీదును ప్రాజెక్టు వ్యయంలో కలపనివ్వరు. కాబట్టి అద్దె షెడ్డుకు ఒప్పందం రాసుకోవడం దరఖాస్తుకు ముందే జరగవలసిన పని.

ఈ లెక్క తెలియనివారి చుట్టూనే దళారుల వ్యాపారం నడుస్తోంది. దరఖాస్తుకు రుసుము లేదు, చిన్న పరిశ్రమగా ప్రభుత్వం వద్ద నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, నమూనా ప్రాజెక్టు రిపోర్టులను ఈ పథకాన్ని నడిపే ఖాదీ కమిషనే అందుబాటులో ఉంచింది. అయినా పది పేజీల రిపోర్టుకు వేలల్లో వసూలు చేసేవారూ, రాయితీలో వాటా అడిగేవారూ ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వీరు నేర్పే అత్యంత ప్రమాదకరమైన పని కొటేషన్‌ను పెంచి చూపించడం. పల్లెలోని ఆ మహిళ నాలుగు లక్షల యంత్రాన్ని ఆరు లక్షలుగా రాయిస్తే రాయితీ 70 వేలు పెరుగుతుంది, నిజమే. కానీ అదే కొటేషన్ వల్ల వడ్డీతో కట్టవలసిన అప్పు లక్షా 20 వేలు పెరుగుతుంది. అదనంగా వచ్చిన డబ్బు సరఫరాదారు, దళారి పంచుకోగా మిగిలినంతే ఇంటికి చేరుతుంది. ఇది మోసమన్న సంగతి అటుంచినా, లెక్క ప్రకారం కూడా నష్టమే.

నా దృష్టిలో ఈ వ్యవస్థలోని అసలు లోపం మరొకటి. పీఎంఈజీపీ రాయితీ కొత్త యూనిట్లకే పరిమితం. ఆ పథకంలోనో, చిన్న వ్యాపారాలకు తనఖా లేకుండా అప్పు ఇచ్చే ముద్రలోనో అప్పు తీసుకుని సక్రమంగా కట్టినవారికి విస్తరణ కోసం రెండో అప్పు ఉంది గానీ, రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, బయట అప్పు తెచ్చి ఐదేళ్లుగా షెడ్డు నడుపుతున్న వ్యక్తికి మొదటి అవకాశం లేదు. వ్యాపారం చేయగలనని నిరూపించుకున్నవాడు పథకం కంటికి కనబడడు, ఇంకా మొదలుపెట్టనివాడు అర్హుడు అవుతాడు. రాయలసీమలోని చిన్న యూనిట్లలో చాలా భాగం కరువు కాలంలో వ్యవసాయం నుంచి తప్పుకున్న కుటుంబాలు సొంత కష్టంతో నిలబెట్టుకున్నవి. వాటికి కావలసింది ప్రారంభోత్సవం కాదు, పాత వడ్డీ నుంచి విడుదల.

అటువంటివారికి ఉన్న దారులు రెండు. ఆహార తయారీ అయితే, చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈ నడుస్తున్న యూనిట్లకూ వర్తిస్తుంది. అందులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ ఉంది. చిక్కీ, ఉల్లి పొడి, పచ్చళ్లు తయారుచేసేవారు ముందు ఇక్కడ చూసుకోవాలి. తక్కిన వ్యాపారాలకు ముద్ర ఉంది. దానిలో రాయితీ లేకపోయినా తనఖా లేదు, వడ్డీ బయటి అప్పులో సగం ఉన్నా అదే పెద్ద ఊరట. ధర్మవరం, ఎమ్మిగనూరు మగ్గాలవారు పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల జాబితాలో తమ పేరు వెతుక్కుంటే దొరకదు, చేనేత శాఖ ద్వారా వచ్చే వీవర్ ముద్రను అడగాలి. మరో జాగ్రత్త కూడా అవసరం. ఇంకొక ప్రభుత్వ పథకంలో ముందే రాయితీ పొందిన యూనిట్‌కు పీఎంఈజీపీ తలుపు మూసుకుంటుంది. తొందరపడి చిన్న రాయితీ తీసుకుంటే పెద్దది పోయినట్టే. పీఎంఈజీపీ, పీఎంఎఫ్ఎంఈ రెండింటికీ ఆమోదం 2025–26 వరకు ఇచ్చినది కనుక, ప్రస్తుత నిబంధనలేమిటో జిల్లా పరిశ్రమల కేంద్రంలో రూఢి చేసుకున్న తర్వాతే అడ్వాన్సులు ఇవ్వాలి.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం కర్నూలు దగ్గరి ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తిలలో పారిశ్రామిక నోడ్లను, అంటే పెద్ద పారిశ్రామిక ప్రాంతాలను, ఆమోదించినప్పుడు సీమకు పరిశ్రమలు వస్తున్నాయన్న ఆనందం సహజంగానే వ్యక్తమైంది. అయితే అదే ఓర్వకల్లు మండలం అంతకు చాలా ముందే మహిళల పొదుపు సంఘాలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నది. వేల కోట్ల నోడ్‌కు రోడ్లూ నీళ్లూ సమకూర్చే శ్రద్ధలో కొంతైనా, సంఘం అప్పుతో మొదలై యూనిట్‌గా ఎదగలేక ఆగిపోతున్న మహిళల మీద పెడితే బాగుండును.

బ్యాంకు విషయానికి వస్తే, ఒక పరిమితి వరకు చిన్న యూనిట్ల అప్పుకు తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ఆపైన అప్పుకు పూచీ ఇవ్వడానికి 2000లో ఏర్పడిన సీజీటీఎంఎస్ఈ అనే ట్రస్టు ఉంది. అయినా మేనేజరు వెనుకాడడానికి కారణాలు లేకపోలేదు. పాత మొండి బకాయిలకు జవాబు చెప్పవలసింది ఆయనే. కడప కేంద్రంగా పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న రాష్ట్రమంతటికీ ఒకే గ్రామీణ బ్యాంకులో కలిసిపోయిన తర్వాత, స్థానిక వ్యాపారం తెలిసిన చోట నిర్ణయం జరిగే అవకాశం పెరుగుతుందని నేను అనుకోవడం లేదు. ఈ పరిస్థితిలో దరఖాస్తుదారుకు బలం ఇచ్చేది ఏడాది పాటు అమ్మకాలన్నీ ఒకే ఖాతాలో నడిచిన స్టేట్‌మెంటు, అప్పులు ఎలా కట్టారో చూపే సిబిల్ స్కోరు పాడవకుండా ఉండడం. బంధువు అప్పు కట్టకపోతే, దానికి పెట్టిన షూరిటీ సంతకం కూడా ఆ స్కోరును దెబ్బతీస్తుందని చాలామందికి తిరస్కరణ తర్వాతే తెలుస్తోంది.

జాబ్ వర్క్ మీద, అంటే పెద్ద వ్యాపారి ఇచ్చే పని చేసిపెట్టి, బతికే యూనిట్లకు రాయితీ కన్నా ముందు వసూలు చేసుకోవలసిన సొమ్ము వేరే ఉంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తరహా తయారీదారుకూ సేవలందించేవారికీ కొనుగోలుదారు 45 రోజుల లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీని నెలవారీ చక్రవడ్డీగా కట్టాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చింది. పని ఇచ్చే ఆసామి మీద ఫిర్యాదు చేస్తే మరుసటి ఆర్డరు రాదన్న భయం వల్లనే ఈ హక్కు కాగితం మీద ఆగిపోతోంది. ఆ భయాన్ని తగ్గించే పని జిల్లా పరిశ్రమల కేంద్రం చేయవచ్చు, బకాయిదారులకు తన పేరుతో నోటీసు పంపవచ్చు. అలాగే ఎన్ని దరఖాస్తులు పంపామో చెప్పే జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాలు, ఏ శాఖ ఎన్నిటిని ఏ కారణంతో తిప్పి పంపిందో, మూడేళ్ల క్రితం మంజూరైన వాటిలో ఈరోజు ఎన్ని నడుస్తున్నాయో కూడా ప్రకటించాలి. ఆ జాబితా జిల్లా వెబ్‌సైట్‌లో ఉంటే, ఏ శాఖలో దరఖాస్తు పెట్టాలన్న సంగతి దళారి చెప్పనవసరం ఉండదు.