చుక్కలూ, చొక్కాలూ

నిన్నటి సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. "గుంపును బట్టి కాదు, గుణాన్ని బట్టి మనిషిని చూడాలి" అని నన్నో పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆలస్యంగా చేరాను. ల్యాప్‌టాప్ తగిలించాను. తెర మీద చీకటి.

పక్కనే నీలం చొక్కా ఆయన నిలబడ్డాడు. ఆ రోజు లైట్లూ మైకులూ చూసేవాళ్ళందరికీ నీలం చొక్కాలే. "బాబూ, కాస్త బల్ల కిందికి దూరి ఆ వైరు చూస్తావా?" అన్నాను. నాకంటే కనీసం పదేళ్ళు పెద్ద. అయినా బాబే. ఆయన నన్నోసారి చూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, దూరాడు.

ఇక బయటికి రెండు బూట్లే కనిపిస్తున్నాయి. నేను వాటితోనే కబుర్లు మొదలెట్టాను. పనివాళ్ళతో కలుపుగోలుగా ఉండే రకాన్ని కదా! తల తగులుతుంది జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. బూట్లు తళతళా మెరుస్తుంటే, పర్లేదు, శుభ్రమైన మనిషేనని లోలోపల మెచ్చుకున్నాను కూడా. వైర్లు లాగేవాడికి అలాంటి బూట్లేమిటన్న అనుమానం మాత్రం రాలేదు. చొక్కా చూశాక బూట్లు సాక్ష్యానికి పనికిరావు.

"మీలాంటివాళ్ళకి ఇదో లెక్కా!" అన్నాను ఉత్సాహపరుస్తూ.

"మాలాంటివాళ్ళంటే?" అంది బల్ల.

"అదే... పని తెలిసినవాళ్ళు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "పైన ప్రొజెక్టర్ మూత తీశారా?"

తీయలేదు.

తీయగానే తెర నిండా నా మొదటి స్లైడు. మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ప్రచురించిన ప్రయోగాలు. బడిపిల్లలకు తెర మీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో చెప్పమన్నారు. ఎక్కువ చెప్పినవాళ్ళొక జట్టు, తక్కువ చెప్పినవాళ్ళొక జట్టు అన్నారు. నిజానికి చీల్చింది ఇష్టమొచ్చినట్టే. అయినా డబ్బు పంచమంటే, ఎవరో కూడా తెలియని సొంత జట్టువాడికే ఎక్కువ ఇచ్చారు పిల్లలు. వాళ్ళకి చుక్కలు చాలాయి. నాకు చొక్కా చాలింది.

సరిగ్గా అప్పుడే మైకులో, "సభాధ్యక్షులు వేదిక మీదికి రావాలి" అన్నారు. బల్ల కింద నుంచి ఆయన లేచాడు. నెత్తి మీద దుమ్ముతోనే వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చున్నాడు.

తప్పు నాదే, ఒప్పుకున్నాను. కానీ మెళ్ళో వేసే కార్డు మీద పేరు చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసిన మహానుభావుడెవరో నాకు కావాలి. ఆ కార్డు ఎప్పుడు చూసినా వెనక్కే తిరిగి ఉంటుందేం? ఆ అధ్యక్షుడికైనా "నేను కాదు నాయనా" అనడానికి నోరు రాలేదా?

ఎలాగో మొదలెట్టాను. రెండో నిమిషంలో మైకు కీచుమంది. నీలం చొక్కా కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చాడు. ఈసారి మోసపోదలచుకోలేదు. రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ, దయచేయండి" అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఎవరొచ్చారా అని.