‘ట్యాలీకి ఏ డబ్బా అయినా చాలు’ అన్న మాట ఎందుకు తప్పు

ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసే అకౌంటెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇది: “ఇంట్లో కూర్చుని అకౌంట్స్ రాసేవాళ్లకు కొత్త కంప్యూటర్ దండగ. సెకండ్ హ్యాండ్‌లో ఐ7 చూసి తీసుకోండి, ప్రాసెసర్ ఎంత పెద్దదైతే మెషీన్ అన్నేళ్లు వస్తుంది. కేబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ రాసేకొద్దీ అరిగిపోతుంది, హార్డ్ డిస్కే నమ్మకం. రెండు డిస్కులు మిర్రర్‌లో పెట్టుకుంటే బ్యాకప్ పనే లేదు. పదేళ్లు మూత తియ్యక్కర్లేదు.” (ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె. యూపీఎస్ అంటే కరెంటు పోగానే కంప్యూటర్‌ను బ్యాటరీ మీద నిలబెట్టేది. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కు.)

గుంటూరులో ఇంటి నుంచే పాతికకు పైగా షాపుల లెక్కలు చూస్తాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఈ మెసేజ్ నాకు పంపి “అక్కా, ఇలాగే కొనేయమంటారా?” అని అడుగుతున్నారు. వద్దని ఒక్క ముక్కలో చెప్తే ఎవరూ వినరు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నాను.

“కేబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ చాలు.” దీని దెబ్బ నేను తిన్నాను కాబట్టి ముందు దీని సంగతి. కొన్నేళ్ల కిందట ఒక నెల 19వ తారీఖు సాయంత్రం కరెంటు వెంటవెంటనే పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు కేబినెట్ వెనక టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోయిందనుకున్నాను. వేరేది తెప్పించి తగిలిస్తే మదర్‌బోర్డు లేవలేదు, హార్డ్ డిస్క్ తిరగలేదు. మర్నాడు నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్, జీఎస్టీఆర్ 3బీకి ఆఖరి రోజు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ నెల కిందటిది. పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని రెండు రాత్రులు బిల్లులు మళ్లీ ఎక్కించాను. అయినా ఐదుగురివి లేటయ్యాయి. రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ నేనే కట్టాను. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన “ఏమ్మా, మా లెక్కలు నీ దగ్గర భద్రంగా ఉన్నాయనుకున్నానే” అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఎస్‌ఎంపీఎస్ చేసే పని 230 వోల్టుల ఇంటి కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు ఇవ్వడం. బయటికిచ్చే వోల్టేజీ గీత దాటితే మంచి ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఆగిపోతుంది. రెండు వేలకు కేబినెట్‌తో కలిపి వచ్చే వాటిలో ఈ రక్షణ అరకొరగా ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. అలాంటిది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, తన తీగలకు వేలాడుతున్నవాటన్నిటినీ పట్టుకుపోతుంది. పైగా లోపలి కెపాసిటర్లకు వేడి పడదు. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు వేసే లెక్క. మంచి కంపెనీలు 105 డిగ్రీల కెపాసిటర్లు వాడతాయి, చవక రకాల్లో 85 డిగ్రీలవి కనిపిస్తాయి. మే నెలలో మా గది ఎలా ఉంటుందో గుంటూరువాళ్లకు చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. దాన్ని 12తో గుణించండి. 450 వాట్లని రాసినదానికి 36 ఆంపియర్లు ఉంటే 432 వాట్లు, అంటే రాసినదానికీ ఇచ్చేదానికీ పొంతన ఉంది. 16 ఆంపియర్లే ఉంటే 192 వాట్లు, ఆ 450 అన్నది పేరుకే. 80 ప్లస్ గుర్తు చూసి మోసపోకండి, అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో చెప్పే గుర్తు మాత్రమే, మన్నికకు హామీ కాదు. నేనైతే వారంటీ చూస్తాను. ఐదేళ్లు రాసిచ్చే కంపెనీ దాని లోపల ఏం పెట్టిందో తెలిసే ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని మన మెషీన్ ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ కలిపి నడిపినా మామూలుగా వంద వాట్లు దాటదు. 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది, 750 వాట్లది కొనిపించేవాళ్ల మాట వినొద్దు.

“ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదు.” ఇది సగం నిజం కాబట్టి ఎక్కువ మందిని ముంచుతోంది. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో మెషీన్‌ను కాసేపు నిలబెడుతుంది. ఆ కాసేపు ఎంతంటే, కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించాల్సిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం సుమారు 16, 17 మిల్లీ సెకన్లు. ఆలోపు బ్యాటరీ అందుకోవాలి. మామూలు యూపీఎస్ పది మిల్లీ సెకన్ల లోపే అందుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్ వెనక మాత్రం ఒక స్విచ్ ఉంటుంది: యూపీఎస్ మోడ్, ఎకో మోడ్. కొన్నింటి మీద వైడ్ అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. ఎకోలో ఉంటే ఫ్యాన్లకూ లైట్లకూ సరిపోయేంత తీరిగ్గా మారుతుంది, ఈలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అంతే కాదు, లైన్ వోల్టేజీ బాగా పడిపోయినా బ్యాటరీకి మారకుండా ఆ కరెంటునే లోపలికి పంపుతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో దీనివల్ల ఎస్‌ఎంపీఎస్ రోజూ నలుగుతుంది. ఇంటి కరెంటులా నున్నటి అల (సైన్ వేవ్) కాకుండా మెట్లుమెట్లుగా కరెంటు ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లకే సరిపడదు. ఇన్వర్టర్ మీదే నడపాలంటే సైన్ వేవ్‌ది ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. లేదా 600 వీఏ యూపీఎస్ ఒకటి విడిగా పెట్టుకోండి. వోచర్ సేవ్ అవుతుండగా మెషీన్ ఆగిపోయి, ట్యాలీలో ఆ కంపెనీ తెరుచుకోక రీరైట్ (చెడిన డేటాను సరిచేసే ట్యాలీ ఆదేశం) కొట్టి దేవుడికి దణ్ణం పెట్టుకున్న టెన్షన్ ట్యాలీ వాళ్లందరికీ తెలుసు.

ఇక్కడే ఇంకో మాట. కేబినెట్‌ను వట్టి చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే మీ ప్లగ్గులో మూడో పిన్నుకు ఎర్త్ సరిగ్గా లేదన్నట్టే. పాత ఇళ్లలో ఆ రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. ఏ భాగమూ కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది చూపించండి. ఎర్త్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన సరుకు పెట్టినా దాని రక్షణ సగమే పనిచేస్తుంది.

“ప్రాసెసర్ ఎంత పెద్దదైతే అన్నేళ్లు వస్తుంది.” దీనికి 2024లో జరిగింది చూస్తే చాలు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఐ7, ఐ9 రకాల్లో, అవసరానికి మించిన వోల్టేజీ వెళ్లి చిప్ దెబ్బతినే లోపం బయటపడింది. కంపెనీ మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను లోపల నడిపించే ప్రోగ్రాం) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. చిన్నదైన 12వ తరం ఐ3 12100కు ఆ బాధ లేదు. మనం రాసే లెక్కలకు అలాంటి నాలుగు కోర్ల ప్రాసెసర్ చాలు, లోపలే గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోవాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నదైతే గ్రాఫిక్స్ ఉండదు, మళ్లీ కార్డు కొనాలి. పాడవడానికి ఇంకో వస్తువు చేరినట్టు. ర్యామ్ 16 జీబీ పెట్టుకోండి, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

సెకండ్ హ్యాండ్ అసలు వద్దని నేననను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో దొరికే పాత ఆఫీసు మెషీన్లు కొన్ని గట్టివే, వాటితో వచ్చే ఎస్‌ఎంపీఎస్ మన లోకల్ డబ్బా కంటే నయం. కానీ ఆ పెద్ద కంపెనీల మెషీన్లు చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్ కనెక్టరు వాళ్ల సొంతది. పోయిందంటే బజార్లో కొత్తది తెచ్చి పెట్టలేం, అదే మోడల్ పాతది వెతుక్కోవాలి. అంతకంటే పెద్ద చిక్కు విండోస్‌తో. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లకు ఇచ్చిన పొడిగింపు ఒక్క ఏడాదే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, దాదాపుగా ఇంటెల్ 8వ తరం నుంచి పై ప్రాసెసర్ కావాలి. పదివేలకు అమ్మే ఐ7లు ఎక్కువగా 4వ తరంవో 6వ తరంవో. అడ్డదారిలో 11 ఎక్కించి ఇస్తారు, దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. నలుగురి బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ నంబర్లు పెట్టుకునే మెషీన్‌లో నేనైతే ఆ పని చేయను.

“ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుంది.” అరుగుతుంది, నిజమే. ఎంతకాలానికి అన్నది లెక్క వేద్దాం, మనం లెక్కలవాళ్లమే కదా. శామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీ రకానికి కంపెనీ ఇచ్చిన రాత పరిమితి 300 టెరాబైట్లు. విండోస్ వెనక రాసుకునేదంతా కలిపి రోజుకు 30 జీబీ అనుకుందాం, అకౌంట్స్ మెషీన్‌కు ఇది ఎక్కువ. పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు. అరగడం అన్నది మన భయాల జాబితాలోనే ఉండక్కర్లేదు. అసలు భయపడాల్సింది వేరే ఉంది. హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటకమంటూ ముందే చెప్పి పోతుంది, ఎస్‌ఎస్‌డీ పొద్దున్నే కనిపించకుండా పోతుంది. అందులోంచి డేటా తీయడం కూడా కష్టం. అలాగే కరెంటు లేకుండా బీరువాలో ఏళ్ల తరబడి దాచడానికి అది పనికిరాదు. పూర్తిగా అరిగిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది డేటా నిలుపుకుంటే చాలన్నదే ప్రమాణం. అందుకని రోజూ పని చేయడానికి పేరున్న ఎస్‌ఎస్‌డీ, దాచడానికి హార్డ్ డిస్క్. ఆ మెసేజ్ రాసినవాళ్లు హార్డ్ డిస్క్‌ను మెచ్చుకోవడం తప్పు కాదు, దానికిచ్చిన చోటు తప్పు.

“మిర్రర్ ఉంటే బ్యాకప్ పనే లేదు.” ఈ మెసేజ్ మొత్తంలో నాకు కోపం తెప్పించింది ఇదే. మిర్రర్ అంటే ఒక డిస్కులో ఏం జరిగితే రెండో దాంట్లోనూ అదే క్షణంలో అదే జరగడం. పొరపాటున ఒక కంపెనీ ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్ ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది, వేసుకోని మెషీన్లే దొరికిపోయాయి. ఇంకా, రెండు డిస్కులూ తగిలేది ఒకే ఎస్‌ఎంపీఎస్‌కు. ఆ 19వ తారీఖున నా దగ్గర మిర్రర్ ఉంటే ఒకటికి బదులు రెండు డిస్కులు కాలేవి.

జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి. కంపెనీల పుస్తకాలైతే ఎనిమిదేళ్లు. పైగా ఎలక్ట్రానిక్ పుస్తకాలకు రోజూ బ్యాకప్ ఉండాలని కంపెనీల నిబంధనల్లో 2022లో మార్చారు. ఇంతకాలం ఏ ఒక్క డిస్కూ మోయదు. నేను చేసేది చెప్తాను: రోజూ పని ముగిశాక ట్యాలీ బ్యాకప్ తీసి, పాస్‌వర్డ్ పెట్టి క్లౌడ్‌లోకి పంపుతాను. శనివారం శనివారం బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి వెంటనే కేబుల్ పీకేస్తాను. తగిలించి వదిలేస్తే దాన్నీ వైరస్ పట్టుకుంటుంది. అలాంటి డిస్కు ఇంకొకటి తెనాలిలో మా చెల్లి ఇంట్లో ఉంది, నెలకోసారి మారుస్తాను. మూడు నెలలకోసారి ఏదో ఒక కంపెనీని వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోతోందో లేదో చూస్తాను. ఒక్కసారి కూడా తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ కింద లెక్క వేయను.

ఇక “పదేళ్లు మూత తియ్యక్కర్లేదు” అన్నది. తియ్యాలి. మా ఇంట్లో ఏటా మార్చిలో, ఎండలు ముదరకముందు, మూత తీసి దుమ్ము ఊదుతాను. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాల్సిందే. మదర్‌బోర్డు మీద నాణెం బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు జీఎస్టీ సైటు సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది. అది చూసి మెషీన్ పోయిందని అమ్మేసినవాళ్లు నాకు తెలుసు. ఆ బ్యాటరీ పేరు సీఆర్ 2032, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది.