ఇన్‌చార్జి పాలనతో నెట్టుకురాలేం
బాసర ట్రిపుల్ ఐటీకి నిధులు పెంచితే చాలు, వీసీ (వైస్ చాన్సలర్) రెగ్యులరా, ఇన్‌చార్జా అన్నది పెద్ద విషయం కాదు అని తన వ్యాసంలో రాసిన వ్యాసకర్త మాటను నేను ఒప్పుకోను. నిధులు కావాలి, కాదనను. కానీ అవి ముందు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చి సంతకం పెట్టే మనిషి క్యాంపస్‌లో ఉండాలి కదా. 2022 జూన్‌లో అక్కడి పిల్లలు వానలో తడుస్తూ ధర్నాకు కూర్చుని అడిగిన వాటిలో మెస్, ల్యాప్‌టాప్‌లతో పాటు రెగ్యులర్ వీసీ కూడా ఉంది. అసలు చిక్కు ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు. నేను ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పాను. మా ప్రిన్సిపాల్‌కు ఇంకో కాలేజీ అదనపు బాధ్యత ఉండేది. వర్క్‌షాప్‌లో లేత్ మిషన్ మోటారు కాలిపోతే ఆ ఫైలు ఆయన వచ్చేదాకా టేబుల్ మీదే ఉండేది, ఈలోపు ప్రాక్టికల్స్ బోర్డు మీద బొమ్మలతో అయిపోయేవి. ట్రిపుల్ ఐటీలో ఇది ఇంకా ప్రమాదం. పదో తరగతి అవగానే వచ్చి ఆరేళ్లు హాస్టల్‌లోనే ఉండే పిల్లలు వాళ్లు. సర్కారు బడి పిల్లలకు అదనంగా స్కోరు కలిపి మరీ సీటిస్తున్నాం, మంచి పని. కానీ తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల మొదటి ఏడాది ఇంగ్లిష్ పాఠాలు అర్థంకాక టెన్షన్ పడుతుంటే ఆ లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు పెట్టాలా, కౌన్సెలర్‌ను వేయాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఇన్‌చార్జిగా వచ్చినవారు నాలుగు నెలల తర్వాత ఉంటారో లేదో వారికే తెలియదు, అలాంటప్పుడు పెద్ద నిర్ణయాల జోలికి పోరు. వీసీ పదవీకాలం ముగిసేలోపే కొత్తవారిని ఎంపిక చేయాలి, క్యాంపస్‌లోనే నివాసం ఉండాలన్న షరతు నియామక ఉత్తర్వులోనే రాయాలి.