సవరణ: కాలిపుండుకు కట్టే కంప్రెషన్ బ్యాండేజీ గురించి

సిరల లోపంతో వచ్చే కాలిపుళ్లకు బ్రిటన్‌లో కమ్యూనిటీ నర్సులు ఇళ్లకు వెళ్లి కంప్రెషన్ బ్యాండేజీ (కాలిని బిగించి పట్టే, సాగే కట్టు) ఎలా కడతారో ఇంతకుముందు రాశాను. అందులో "పిక్క దగ్గరికొచ్చేసరికి బ్యాండేజీని ఇంకాస్త లాగి కట్టాలి" అన్నది తప్పు. పొరపాటు నాదే.

అక్కడి నర్సుల శిక్షణ పాఠాల ప్రకారం, కాలివేళ్ల మొదట్లో మొదలుపెట్టి మోకాలి కింద రెండు వేళ్ల మేర వదిలి ఆపేదాకా బ్యాండేజీని ఒకేలా సాగదీయాలి. పాదం పిక్కకు లంబంగా ఉండాలి. సాగే పొరలో ఒక్కో చుట్టు కిందిదాన్ని సగం కప్పాలి. లాగడం ఒకేలా ఉన్నా, చీలమండ సన్నం, పిక్క లావు కాబట్టి ఒత్తిడి దానంతటదే కింద ఎక్కువగా, పైన తక్కువగా పడుతుంది. నాలుగు పొరల కట్టులో చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉండేలా చూస్తారు. మోకాలి కింద దాదాపు అందులో సగం. నేను రాసినట్టు కడితే పైకెళ్లాల్సిన రక్తం పాదంలోనే ఆగి వాపు పెరుగుతుంది.

ఇంకో మాట. కట్టే ముందు "పాదంలో నాడి చూడాలి" అని అందులోనే నేను రాసినదాన్ని కొందరు అది తగిలితే చాలన్నట్టు తీసుకున్నారు. చాలదు. డాప్లర్‌తో (రక్తప్రవాహాన్ని ధ్వని తరంగాలతో పసిగట్టే పరికరం) చీలమండ, చేయి రక్తపోటుల నిష్పత్తి చూడాల్సిందే. అది 0.5 కన్నా తక్కువుంటే, అంటే ధమనుల ద్వారా కాలికి రక్తం సరిగా అందకపోతే, కంప్రెషన్ కట్టరు, వెంటనే రక్తనాళాల నిపుణుల దగ్గరికి పంపుతారు. షుగర్ ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ అంకె ఎక్కువగా కనిపించి మోసం చేయొచ్చు. అందుకే దయచేసి మందుల షాపులో క్రేప్ బ్యాండేజీ కొని ఇంట్లో మీరే బిగించకండి.